మండపేట బస్టాండులో నవ్వు

"మాస్టారూ, అడగకుండా తీయవచ్చునా?" అని అడిగింది ఎస్తేరు.

రాజమండ్రిలో త్రిమూర్తులు మాస్టారి మేడగదిలో ఆదివారం పూట చేరే శిష్యులం అప్పట్లో అయిదుగురం. మాస్టారు ముప్ఫయ్యేళ్ళ పాటు పత్రికల్లో ఫొటోలు తీసి, ఉద్యోగం విరమించాక, వీధుల్లో తిరుగుతూ మనుషుల్ని ఎలా తీయాలో మాకు నేర్పుతూండేవారు. ఎస్తేరు ఒక ఆసుపత్రిలో నర్సు. వారానికొకసారి దొరికే సెలవును కెమెరాకు ఇచ్చేసిన పిల్ల. మాలో అందరికన్నా చిన్నది, అందరికన్నా బాగా తీసేది. ఆ వారం ఆమె తెచ్చిన ఫొటో గోదావరి రేవు మెట్ల మీద తీసినది. నడివయసు మనిషి ఒకాయన పక్కనున్న స్త్రీ జడలో మల్లెచెండు పెడుతున్నాడు. అలవాటు లేని చెయ్యి కాబోలు, పిన్ను పెదాల మధ్య పట్టుకుని, ఎక్కడ గుచ్చాలో తెలియక ఆలోచిస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని తనలో తను నవ్వుకుంటోంది. వెనక నీళ్ళ మీద ఎండ.

హైదరాబాదులో జరిగే ఒక ప్రదర్శనకు దాన్ని పంపాలి. రెండు రోజులే గడువు. వాళ్ళిచ్చిన కాగితంలో, 'ఫొటోలోని వ్యక్తుల అనుమతి తీసుకున్నారా?' అని ఒక గడి ఉంది. మిగతా గడులన్నీ నింపిన ఎస్తేరు ఆ గడి దగ్గర ఆగిపోయింది.

"అడిగితే ఆయన చెయ్యి తీసేసేవాడు మాస్టారూ. ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేది. ఇక తీయడానికి ఏం మిగులుతుంది? నాకూ ఒక నియమం ఉంది. అడుక్కునేవాళ్ళని తీయను. ఏడ్చేవాళ్ళని తీయను. ఆసుపత్రిలో రోజూ చూస్తాను కనక అదేమిటో నాకు తెలుసు. కానీ సంతోషంగా ఉన్నవాళ్ళని తీస్తే ఎవరికి నష్టం? నవ్వు తీస్తే తప్పేముంది?"

మాలో ఒకతను చట్టం సంగతి ఎత్తాడు. నలుగురూ తిరిగేచోట ఎవరు ఎవర్నయినా తీయవచ్చునని ఎక్కడో చదివానన్నాడు. మాస్టారు అతని వైపు చూడలేదు. అడిగినదానికి ఆయన అవునని గానీ కాదని గానీ చెప్పగా మేమెప్పుడూ వినలేదు. ఎస్తేరు ఫొటోను చాలాసేపు చూసి, బల్ల మీద బోర్లా పెట్టి, తనకు జరిగిన సంగతి ఒకటి చెప్పారు. నాకు గుర్తున్నంతవరకు దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడాయనకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఒక చిన్న దినపత్రికలో కొత్తగా చేరారు. శ్రావణమాసంలో ఒకరోజు కాలవ గట్టుకు గండి పడిందని తెలిసి మండపేట వైపు వెళ్ళారు. ఆయన వెళ్ళేసరికే జనం గండి పూడ్చేశారు. వట్టి చేతులతో తిరిగి వస్తూంటే వాన పట్టుకుంది. బస్టాండులోకి పరుగెత్తారు. రేకుల కప్పు కింద ఒక బజ్జీల బండి. దాని పక్కన సిమెంటు బల్ల మీద పాతికేళ్ళ స్త్రీ, నాలుగేళ్ళ ఆడపిల్ల కూర్చుని ఉన్నారు. పిల్ల మిరపకాయ బజ్జీ కొరికి, నాలిక బయటపెట్టి, తల్లికేదో చెప్పింది. తల్లి ఒక్కసారిగా తల వెనక్కి వాల్చి నవ్వింది. రేకుల అంచునుంచి కారే నీటిధారల్లోంచి సాయంకాలపు వెలుతురు వచ్చి ఆమె మొహం మీద పడింది. మాస్టారు కెమెరా ఎత్తారు. పిల్ల తల అడ్డం వస్తోందని ఒక అడుగు పక్కకు జరిగి, ఆమెను ఒక్కదాన్నే తీశారు. వెంటనే ఇంకొకటి తీశారు. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం పత్రికలో మొదటి ఫొటోను పావుపేజీ వేశారు. 'వానలో విరిసిన నవ్వు' అని దానికి ఎవరో పేరు పెట్టారు. అంతకుముందు మాస్టారి పేరు పత్రికలో ఎప్పుడూ పడలేదు. ఎడిటరు గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఆఫీసు ఎదుటి టీకొట్టాయన ఆ పేజీ కత్తిరించి గోడకు అంటించాడు. వారం రోజుల పాటు మాస్టారి కాళ్ళు నేల మీద ఆనలేదు.

పదో రోజున ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. నీరుకావి పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మడతపెట్టిన ఆ పేజీ.

"ఈ బొమ్మ తీసింది ఎవరండి?"

"నేనేనండి. ఆవిడ మీకు తెలుసా?"

"ఆయ్. మా అమ్మాయండి. నూకరత్నం. నన్ను పుల్లయ్యంటారండి."

మాస్టారు పొంగిపోయారు. ఫొటో కావాలని వచ్చాడనుకుని, కుర్చీ లాగి, పెద్ద సైజులో కడిగి ఇస్తానన్నారు. పుల్లయ్య కూర్చోలేదు. పేజీ మడత విప్పాడు, మళ్ళీ వేశాడు.

"ఈ బొమ్మ తీసిన రోజుకి మా అల్లుడు పోయి ముప్ఫై నాలుగు రోజులండి," అన్నాడు. "కొబ్బరిచెట్టు మీంచి పడిపోయేడు."

మాస్టారు ఆ పేజీ అందుకుని మళ్ళీ చూశారు. ఆమె నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. చూసిన ప్రతివాడికీ కనపడేలా ఉంది. తీసినాయనకు కనపడలేదు. "నేను వెలుతురు చూశాను, ఆవిడ నుదురు చూళ్ళేదు" అన్నారు మాస్టారు మాతో.

పుల్లయ్య చెప్పినదాన్నిబట్టి, ఆదివారం పొద్దున్నే ఆమె బావగారు, పోయినవాడి అన్న, హోటల్లో పేపరు చూశాడు. అక్కడున్నవాళ్ళూ చూశారు. అతను ఆ పేజీ ఇంటికి తెచ్చి తన తల్లి ముందు పడేశాడు. కట్టుకున్నవాడు పోయి నెల తిరిగిందో లేదో, పిల్లకు ఒంట్లో బాగులేదని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి బజార్లో కూర్చుని బజ్జీలు తింటూ ఇకిలిస్తోందా అన్నారు. ఆ మధ్యాహ్నమే నూకరత్నాన్ని పుట్టింటికి పంపేశారు. పిల్లను మాత్రం పంపలేదు. మా ఇంటి పిల్ల మా ఇంట్లోనే ఉంటుందన్నారు. నూకరత్నం రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ వీధి తలుపు వేసేశారు.

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదు బాబూ," అన్నాడు పుల్లయ్య. "మీరు అక్కడున్నారు గదా. మీరు చూసింది వచ్చి వాళ్ళకి చెబుతారేవోనని వచ్చేను."

తను చూసింది ఈ ఒక్క నవ్వేనని మాస్టారు చెప్పబోయి ఆగిపోయారు. దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో ఆయనకు తెలియదు. పిల్ల ఏమందో కూడా వినలేదు. అప్పుడు రెండో ఫొటో గుర్తొచ్చింది. మర్నాడు వస్తానని పుల్లయ్యను పంపించి, డార్క్ రూములోకి వెళ్ళి ఆ నెగటివ్ వెతికి ఫొటో కడిగారు. అందులో నూకరత్నం అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు. తను చేసినదానికి తనే జడుసుకున్న మొహం. ఆ తడి కాగితం చేత్తో పట్టుకుని, గండం గడిచిందనుకున్నారు మాస్టారు.

పుల్లయ్యది నేతపని. మర్నాడు మాస్టారు అతని ఇంటికి వెళ్ళేసరికి నూకరత్నం గోడవార కూర్చుని రాట్నం మీద నూలు చుడుతోంది. ఆయన్ను చూసి లేవలేదు, కొంగు సర్దుకుంది. మాస్టారు ఆ రెండో ఫొటో ఆమె చేతికిచ్చారు.

"ఇది మీ అత్తగారికి చూపిస్తానమ్మా. వచ్చే ఆదివారం పేపర్లో కూడా వేయిస్తాను. నవ్విన మరుక్షణమే మీరు ఏడ్చారని అందరికీ తెలుస్తుంది."

ఆమె దాన్ని నిదానంగా చూసి, మడవకుండా, నలపకుండా పక్కన పెట్టింది.

"మొన్న నన్నడక్కుండా నా నవ్వు చూపించేరు. ఇప్పుడు ఏడుపు కూడానాండి?"

రాట్నం ఆగిపోయింది. కాసేపటికి ఆమే మళ్ళీ అంది.

"మీరు తీసింది అబద్ధం కాదండి. నవ్వేను. ఆయన పోయేక అదే మొదలు. నవ్వేనని నాకే ఇంకా సరిగ్గా తెలీలేదు, అప్పటికే ఊరందరికీ తెలిసిపోయింది. ఈ ఏడుపు చూపించేరనుకోండి, పాపం నవ్వలేదులే అనుకుంటారు. నేను నవ్వేను. నవ్వలేదని ఎలా చెప్పను?"

"ఎందుకు నవ్వారమ్మా?" అని అడిగారు మాస్టారు. ఆమెను ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఫొటో తీసి అప్పటికి రెండు వారాలు.

నూకరత్నం చెప్పింది. తండ్రిని మంచం మీద మోసుకొచ్చిన రోజునుంచి ఆ పిల్ల, దుర్గ, మాట్లాడడం మానేసింది. పిలిస్తే చూస్తుంది, పెడితే తింటుంది, నోరు విప్పదు. మండపేట ఆసుపత్రిలో చూపిస్తే, గొంతుకేం లేదు, దిగులు, కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నారు. తిరిగి వస్తూంటే బస్టాండులో పిల్ల బజ్జీల బండికేసి వేలు చూపించింది. అది ఏదయినా కావాలని చూపించి నెల దాటింది కనక తల్లి కాదనలేకపోయింది. కారం కదా, వద్దంటే వినలేదు. కొరికింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతూండగా, తల్లికేసి తిరిగి, "అమ్మా, ఈ బజ్జీకి నా మీద కోపవొచ్చింది" అంది.

"నెల్నాళ్ళ తర్వాత అది నోరు విప్పి అన్న మొదటి మాట అదండి," అంది నూకరత్నం. "నవ్వక ఏం చెయ్యను?"

"ఈ మాట మీ అత్తగారికి చెప్పలేదా?"

"చెప్పేను. నేను చెబితే ఎవరు వింటారండి? పేపర్లో బొమ్మ ముందే చెప్పేసింది గదా."

మాస్టారు "నేను వెళ్ళి చెప్పనా?" అని అడిగారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. తండ్రి మొహం చూసింది. రాట్నం రెండు చుట్లు తిప్పింది.

"చెప్పండి," అంది చివరికి. "ఈ బొమ్మ మాత్రం తీసుకెళ్ళకండి."

రెండో ఫొటో ఆమె దగ్గరే ఉంచేసి, మాస్టారు పుల్లయ్య సైకిలు మీద కాలవ దాటి ఆమె అత్తారి ఊరు వెళ్ళారు. పుల్లయ్య వంతెన దగ్గరే ఆగిపోయాడు. అత్తగారు మంగాయమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఇల్లంతా ఇంకా చావు జరిగిన ఇల్లులాగే ఉంది. మాస్టారి భుజాన కెమెరా చూడగానే పెద్దకొడుకు విసురుగా లేచాడు.

"ఇంకా ఏం తీయడానికొచ్చేవయ్యా?"

అలవాటు కొద్దీ కెమెరా వెంట వచ్చిందని మాస్టారికి అప్పుడు గాని తెలియలేదు. "తీయడానికి రాలేదండి. నా తప్పు చెప్పుకోవడానికి వచ్చాను," అన్నారు. ముసలావిడ తలెత్తలేదు. ఆయన వాకిట్లో నిలబడే చెప్పారు.

"ఆ బొమ్మలో మీ కోడలు ఒక్కతే ఉందమ్మా. నిజానికి ఆవిడ ఒక్కతే లేదు. పక్కన మీ మనవరాలుంది. అడ్డం వస్తోందని నేనే తప్పించేశాను."

"ఉంటే ఏంటంట?" అన్నాడు పెద్దకొడుకు. మంగాయమ్మ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"పాప మిరపకాయ బజ్జీ కొరికిందమ్మా. కొరికి వాళ్ళమ్మతో, 'ఈ బజ్జీకి నా మీద కోపవొచ్చింది' అంది. అందుకు నవ్విందావిడ."

చేటలో వేళ్ళు ఆగాయి. "మాటాడిందా?" అంది మంగాయమ్మ. ఆ మాట కోడలు పదిరోజుల కిందటే చెప్పింది. అప్పుడు విన్నదో లేదో మరి. ఇప్పుడు వింది.

"మాట్లాడిందమ్మా."

"ఏవందన్నావ్?"

మాస్టారు మళ్ళీ చెప్పారు. ముసలావిడ గుమ్మం వైపు తిరిగింది. బస్టాండులో ఆ ఒక్క మాట అన్నాక ఆ పిల్ల ఆ ఇంట్లో నోరు విప్పలేదు.

"కోపవొచ్చిందన్నావంటే?" అని అడిగింది.

దుర్గ నాన్నమ్మను చాలాసేపు చూసింది. తర్వాత, పెద్దవాళ్ళెవరో ఒక ముఖ్యమైన సంగతి అడిగితే చెప్పినట్టుగా, "చాలా కోపం," అంది.

మంగాయమ్మ నవ్వేసింది. ఆపుకుందామనుకున్నా ఆగని నవ్వు. కడుపులోంచి తన్నుకొచ్చి, ఒళ్ళంతా కదిలి, చేటలోని కందులు ఒలికిపోయాయి. కొడుకు పోయి అప్పటికి యాభై రోజులు నిండలేదు. మరుక్షణం ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దకొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ముసలావిడ కళ్ళు మాస్టారి భుజానున్న కెమెరా మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయాయి. ఆ కళ్ళలో భయం అంత స్పష్టంగా తనెప్పుడూ చూడలేదన్నారు మాస్టారు.

"తీసేవా బాబూ?"

"లేదమ్మా. తీయలేదు."

అప్పుడామె ఏడ్చింది. పిల్ల వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. మాస్టారు ఒలికిన కందులు ఏరి చేటలో వేసి, వెళ్ళొస్తానని చెప్పకుండానే వచ్చేశారు.

ఆ రోజు వాళ్ళెవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున మంగాయమ్మ తనే పిల్లను వెంటబెట్టుకుని వంతెన దాటి పుల్లయ్య ఇంటికి వచ్చింది. కోడలి చేతికి పిల్లను అప్పగించి, అక్కడే కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి వెళ్ళిందట. క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగలేదు. బావగారు నూకరత్నంతో ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె కూడా తిరిగి ఆ ఇంట్లో ఉండడానికి వెళ్ళలేదు. తండ్రి దగ్గరే మగ్గం నేర్చుకుని, నేసుకుంటూ దుర్గను చదివించుకుంది. ఊళ్ళో కొందరు ఆమెను 'పేపరు నవ్వు' అని చాటుగా పిలిచేవారని చాలా ఏళ్ళ తర్వాత పుల్లయ్య చెప్పాడు. పత్రికవాళ్ళు ఆ ఫొటోను ఏదో పోటీకి పంపాలనుకుంటే మాస్టారు నెగటివ్ ఇవ్వనన్నారు. ఎడిటరు మళ్ళీ ఆయన్ను గదిలోకి పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు. ఆ రెండు ఫొటోల నెగటివ్‌లూ మాస్టారు నూకరత్నానికే ఇచ్చేశారు. ఆమె వాటిని ఏం చేసిందో అడగలేదు.

మేడగదిలో చట్టం ఎత్తినతను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఎస్తేరే ముందు మాట్లాడింది.

"అప్పట్నించి అడక్కుండా తీయడం మానేశారా మాస్టారూ?"

"మానలేదమ్మా. మానలేకపోయాను. మంగాయమ్మ నవ్విన నవ్వు ఎంత బాగుందో ఎవరికీ చూపించలేకపోయానే అని ఇప్పటికీ ఒక్కోరోజు అనిపిస్తుంది."

ఎస్తేరు బోర్లా ఉన్న తన ఫొటో మీద చెయ్యి వేసింది గాని తిప్పలేదు. "మరి ఈ గడిలో ఏం రాయమంటారు?"

మాస్టారు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు.

"మనం బొమ్మ తీసుకుని వచ్చేస్తాం. వాళ్ళు ఇంటికి వెళ్ళాలి కదమ్మా," అన్నారు.